హైదరాబాద్‌కు ఒక్క పోలింగ్ రోజు సరిపోదు

పోలింగ్ అయిన మర్నాడు హైదరాబాద్ వాళ్లను తిట్టడం ఆనవాయితీ అయిపోయింది. సెలవిస్తే ఓటు వేయకుండా షికార్లకు పోయారని, ఫ్లాట్లలో పడుకుని టీవీ చూశారని, చదువుకున్న వాళ్లకే బాధ్యత లేదని టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో అందరూ అంటారు. వినీ వినీ నాకు విసుగొచ్చింది. ఓటు వేయని వాళ్లందరినీ వెనకేసుకు రావాలని నాకు లేదు. కానీ ఈ తిట్లు తిరిగి తిరిగి ఒకే చోట పడుతున్నాయి, అసలు జబ్బు ఇంకో చోట ఉంది. పోలింగ్ తేదీని, వేళల్ని ఖరారు చేసే పద్ధతిలోనే లోపం ఉందని, దాన్ని సరిదిద్దడం పెద్ద రాజ్యాంగ సవరణల పనేమీ కాదని నా వాదన.

ముందు పోలింగ్ ఏ వారం నాడు పెట్టాలన్న సంగతి తేల్చేద్దాం. ఎందుకంటే చర్చంతా అక్కడే మొదలై అక్కడే ఆగిపోతోంది.

2024 లోక్‌సభ పోలింగ్ మే 13న, సోమవారం జరిగింది. దానికి ముందు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. మూడు రోజులు కలిసొచ్చాయి. హైదరాబాద్ స్థానంలో 48.48 శాతం, సికింద్రాబాద్‌లో 49.04 శాతం, మల్కాజిగిరిలో 50.78 శాతం పోలైంది. అదే రోజు పక్కనున్న భువనగిరిలో 76 శాతం దాటింది. లాంగ్ వీకెండ్ పెట్టి చెడగొట్టారన్నారు. అంతకుముందు 2020 డిసెంబర్ 1న గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఎన్నికలు జరిగాయి. శని, ఆదివారాలు పోగా సోమవారం కార్తీక పౌర్ణమి, మంగళవారం పోలింగ్. 46.55 శాతం. అప్పుడూ అదే మాట.

బాగానే ఉంది. మరి 2016 జీహెచ్‌ఎంసీ పోలింగ్ ఫిబ్రవరి 2న జరిగింది. అదీ మంగళవారమే, ముందు రోజు సెలవు లేదు. 45.29 శాతం. అంటే నాలుగు రోజుల సెలవులు కలిసొచ్చిన ఏడాది కన్నా తక్కువ. 2019 లోక్‌సభ పోలింగ్ ఏప్రిల్ 11, గురువారం. వారం మధ్యలో. హైదరాబాద్ స్థానంలో 44.84 శాతం. లాంగ్ వీకెండ్ వచ్చిన 2024 కన్నా మూడున్నర శాతం తక్కువ. 2023 శాసనసభ పోలింగ్ కూడా గురువారమే, నవంబర్ 30. రాష్ట్రం మొత్తం మీద 71 శాతం దాటితే హైదరాబాద్ జిల్లా 48 శాతం దగ్గర ఆగిపోయింది. 2018లో శుక్రవారం పెట్టి చూశారు. ఇక 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉపఎన్నిక మంగళవారం పెట్టారు. మంత్రులు గల్లీ గల్లీ తిరిగి, ప్రతి అపార్ట్‌మెంట్ సంఘాన్ని కలిసి ప్రచారం చేసిన ఎన్నిక అది. 48.49 శాతం.

సోమ, మంగళ, గురు, శుక్ర. అన్నీ అయ్యాయి. ఏ వారమైనా హైదరాబాద్ సగం దగ్గరే ఊగుతోంది.

బుధవారం మందు కూడా దేశం చూసేసింది. 2023లో కర్ణాటక పోలింగ్‌ను మే 10, బుధవారం పెట్టినప్పుడు, నగరవాసులు రెండు రోజులు అదనంగా సెలవు పెడితే తప్ప ఊరు దాటలేరన్న లెక్కతోనే ఆ రోజును ఎంచుకున్నామని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ చెప్పారు. బెంగళూరు 54 శాతం దగ్గరే నిలిచింది. 2025లో ఢిల్లీకి ఫిబ్రవరి 5, బుధవారం పెట్టారు. 60.5 శాతం వచ్చింది. అదే ఢిల్లీలో 2020లో ఫిబ్రవరి 8, శనివారం పెట్టినప్పుడు 62.6 శాతం వచ్చింది. బుధవారం పెట్టడంలో తప్పు లేదు, నేనూ బుధవారానికే ఓటేస్తాను. కాకపోతే దాంతోనే పని అయిపోయిందనుకుంటే మోసపోతాం.

షికార్లకు పోయే వాళ్లే సమస్య అయితే పోలింగ్ ఎక్కడ తగ్గాలి? ఐటీ ఉద్యోగులుండే చోట, కార్లున్న వాళ్లుండే చోట తగ్గాలి. 2023లో రాష్ట్రం మొత్తంలో అట్టడుగున నిలిచింది యాకుత్‌పురా. 39.64 శాతం. యాకుత్‌పురా గల్లీల్లో తిరిగిన వాళ్లెవరైనా చెబుతారు, అక్కడి జనం గురువారం సెలవు దొరికిందని గోవా విమానం ఎక్కే రకం కాదు. ఇంట్లోనే కుట్టు, జరీ పని చేసుకునే ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు, మెకానిక్‌లు, హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లు. అక్కడ పోలింగ్ తగ్గడానికి ఇంకా కారణాలున్నాయి. గెలుపు ఎవరిదో ముందే ఖాయమన్న నమ్మకం ఒకటి, ఓటరు జాబితాలో పాత పేర్లు పేరుకుపోవడం ఇంకొకటి. వాటిని నేను కాదనడం లేదు. అయినా రోజు కూలి మీద బతికే మనిషికి పోలింగ్ రోజు ఎలా గడుస్తుందో మన చర్చల్లో ఎక్కడా కనబడదు.

మా అపార్ట్‌మెంట్‌లో మూడు ఇళ్లకు వంట చేసే ఒకామె ఉంది. పొద్దున మా దగ్గర, మధ్యాహ్నం నుంచి ఒక కర్రీ పాయింట్‌లో పని. ఓటు అంబర్‌పేటలో, పాత అద్దె ఇంటి అడ్రస్ మీద. ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా కాలమైంది. 2023 నవంబర్ 30న మాకందరికీ సెలవు. సెలవంటే అందరూ ఇంట్లో ఉంటారు, కాబట్టి పొద్దున టిఫిన్‌కు చుట్టాలొచ్చిన ఇల్లు ఒకటి, మధ్యాహ్నం బిర్యానీ వండించుకున్న ఇల్లు ఒకటి. ఇక కర్రీ పాయింట్ సంగతి చెప్పేదేముంది, ఆదివారం కన్నా ఎక్కువ గిరాకీ. సాయంత్రం వదిలేస్తానన్న యజమాని నాలుగున్నర దాటాక వదిలాడు. ఆటో దొరికి బూత్ దగ్గరికి చేరేసరికి ఐదు దాటి పది నిమిషాలు.

ఐదింటికి బూత్‌లో ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. గేటు మూసేస్తారు. అప్పటికి లైన్‌లో ఉన్న వాళ్లందరికీ ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం చేసిన నంబరు చీటీలిస్తారు. ఆ చీటీలు లైన్ ముందు నుంచి కాదు, చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు పంచుతూ వస్తారు. వెనక నుంచి ఇంకెవరూ వచ్చి చేరకుండా. చీటీ ఉన్న వాళ్లు రాత్రి ఎనిమిదైనా ఓటు వేసే వెళ్తారు. పద్ధతి చాలా చక్కటిది, న్యాయమైనది. కానీ చీటీ లేని వాళ్లకు ఆ గేటు ఐదేళ్లకు మూసుకున్నట్టే.

"గేటు బంద్ జేసిన్రు సార్. లోపట ఇంక మస్తు మంది లైన్ల ఉన్నరు. వాళ్లకు చీటీలు ఇచ్చిన్రంట. నాకు లేదన్నరు," అంది మర్నాడు కూరగాయలు తరుగుతూ. ఆమెకు ఓటంటే పట్టింపు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎక్కాల్సిన ఆటోకు డబ్బులు పెట్టుకుని, కాళ్లు లాగుతున్నా వెళ్లింది. లెక్కల్లో మాత్రం ఆమె కూడా ఓటు వేయని బద్ధకస్తుల్లో ఒకరు.

పోలింగ్ సెలవు అనేది ఎవరి కోసమో ఆలోచించండి. నెల జీతం వచ్చే వాళ్లకు అది నిజంగా సెలవే. ఆ సెలవు రోజున వాళ్లు తినేది, తిరిగేది, కొనుక్కునేది ఇంకొకరి పని. డెలివరీ కుర్రాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, షాపింగ్ మాల్ సేల్స్ గర్ల్స్, సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రి ఆయాలు, కేటరింగ్ కుర్రాళ్లు. నగరంలో సగం మందికి సెలవు ఇస్తే మిగతా సగానికి పని రెట్టింపవుతుంది. పల్లెలో అలా కాదు. పోలింగ్ రోజున ఊరంతా పని ఆపేస్తుంది. అందుకే 2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకే జరిగినా మూడు విడతల్లోనూ 80 శాతం దాటి పోలైంది. ఆరు గంటల్లో అంత మంది ఓటు వేశారంటే, బూత్ పక్క వీధిలోనే ఉండడం, ఆ పూటకు ఇంకో పని లేకపోవడం, వార్డుకు నిలబడ్డ మనిషి ఇంటికొచ్చి పిలుచుకు పోవడం అన్నీ కలిశాయి. హైదరాబాద్‌లో బతుకుతున్న వాళ్లు కూడా ఎందరో బస్సులెక్కి వెళ్లి అక్కడ ఓటేసి వచ్చారు. ఇదే నగరంలో ఉంటూ ఓటు వేయడానికి బద్ధకించారని మనం తిట్టే మనుషులు వాళ్లే.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ 1996లో చేర్చారు. వ్యాపారం, పరిశ్రమ, దుకాణం ఏదైనా సరే, ఓటు హక్కున్న ప్రతి పనివాడికీ పోలింగ్ రోజున జీతం కోయకుండా సెలవివ్వాలి. రోజు కూలీలకూ వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 500 రూపాయలు. హైదరాబాద్‌లో ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ అంతకన్నా ఎక్కువ. పైగా యాప్‌ల మీద పనిచేసే డెలివరీ కుర్రాణ్ణి చట్టం దృష్టిలో ఎవరి ఉద్యోగి అనాలో ఇంకా తేలనే లేదు. అతనికి సెలవు ఇచ్చేది ఎవరు, జీతం కోయకుండా ఉండేది ఎవరు? యాప్ ఆపితే సంపాదన ఆగుతుంది, అంతే.

ఇక తేదీ ఎప్పుడు చెబుతారన్నది. దీని మీద నాకు చాలా కోపం ఉంది. 2023 శాసనసభ ఎన్నికల షెడ్యూల్ అక్టోబర్ 9న ప్రకటించారు. పోలింగ్‌కు 52 రోజుల ముందు. అప్పట్లో రైలు టికెట్ల రిజర్వేషన్ 120 రోజుల ముందే తెరిచేవారు. పెళ్లిళ్లకు ముహూర్తాలు, ఫంక్షన్ హాళ్లకు అడ్వాన్సులు అంతకన్నా ముందే అయిపోతాయి. 2024కు 58 రోజుల ముందు చెప్పారు. ఇక 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలకైతే నవంబర్ 17న షెడ్యూల్ ఇచ్చి డిసెంబర్ 1న పోలింగ్ పెట్టారు. పద్నాలుగు రోజులు! అదీ కరోనా కాలంలో, జనం సొంతూళ్లలో ఉండి ల్యాప్‌టాప్‌ల మీద పనిచేస్తున్నప్పుడు. రెండు వారాల్లో సర్దుకుని రమ్మని, రాకపోతే బాధ్యత లేదని అన్నారు.

తేదీ ముందే చూసుకోకపోతే ఏమవుతుందో ఎన్నికల సంఘానికి తెలియంది కాదు. 2023లో రాజస్థాన్ పోలింగ్‌ను నవంబర్ 23 నుంచి 25కు మార్చారు, ఆ రోజు దేవ్ ఉఠనీ ఏకాదశి, వేల పెళ్లిళ్లున్నాయని. 2022లో పంజాబ్ పోలింగ్‌ను గురు రవిదాస్ జయంతి కోసం ఫిబ్రవరి 14 నుంచి 20కి జరిపారు. 2024లో హర్యానాకు ముందు అక్టోబర్ 1 అన్నారు. బిష్ణోయీల పండుగ ఉందని 5వ తేదీకి మార్చారు. పంచాంగం చూసి తేదీ మార్చగలిగిన వాళ్లు, పంచాంగం చూసి ఆర్నెల్ల ముందే తేదీ ఎందుకు చెప్పలేరు? సభ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఐదేళ్ల ముందే తెలుసు. పార్టీలకు, ప్రభుత్వానికి ఆంక్షలు పెట్టే ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చే రోజు వేరు, పోలింగ్ తేదీ ముందుగా తెలియడం వేరు. కోడ్‌ను మామూలుగా షెడ్యూల్ నాడే పెట్టుకోవచ్చు, తేదీని మాత్రం క్యాలెండర్ అచ్చయ్యే సమయానికే చెప్పవచ్చు. మధ్యలో సభ రద్దయితే అది వేరే మాట.

ఇప్పుడు నేను అడిగేదేమిటో చెబుతాను. పోలింగ్ రోజు బుధవారమే ఉంచండి. దానికి ముందు వచ్చే ఆదివారం, హైదరాబాద్‌లోని ఒక్కో శాసనసభ నియోజకవర్గంలో నాలుగైదు పెద్ద కేంద్రాలు తెరవండి. పొద్దున 7 నుంచి రాత్రి 8 వరకు. ఆ నియోజకవర్గం జాబితాలో పేరున్న ఎవరైనా, ఏ బూత్ వాళ్లయినా, ఏ కారణమూ చెప్పనక్కరలేకుండా అక్కడ ఓటు వేసి వెళ్లొచ్చు. బుధవారం ఎప్పటిలాగే అన్ని బూత్‌లూ ఉంటాయి, కాకపోతే సాయంత్రం 7 వరకు.

ఆదివారం ఒక్కటే ఎందుకు కాదంటే, ఆదివారం మాల్స్‌లో, హోటళ్లలో పనిచేసే వాళ్లకు ఊపిరాడదు. బుధవారం ఒక్కటే ఎందుకు కాదంటే, బేగంబజార్ హమాలీకి, కోఠి దుకాణంలో పనిచేసే కుర్రాడికి ఖాళీ దొరికేది ఆదివారమే. సెలూన్లకు మంగళవారం సెలవు. ఈ నగరంలో అందరికీ ఒకే రోజు తీరిక దొరకడం జరగని పని. రెండు వేర్వేరు రోజులు, రెండూ చీకటి పడేదాకా ఉంటే చాలామందికి ఏదో ఒకటి కుదురుతుంది.

దక్షిణ కొరియా ఇదే చేస్తోంది. అక్కడ పార్లమెంట్ ఎన్నికల పోలింగ్ బుధవారమే అని చట్టంలోనే రాసి ఉంది. ఆ ముందు వారం శుక్ర, శనివారాల్లో దేశంలో ఏ ముందస్తు కేంద్రంలోనైనా ఓటు వేయొచ్చు. 2014 నుంచి దేశమంతటా ఇది అమల్లో ఉంది. 2012 పార్లమెంట్ ఎన్నికల్లో 54.2 శాతం పోలైంది. 2024లో 67 శాతం. ఓటర్లలో 31 శాతానికి పైగా ముందస్తు రోజుల్లోనే వేసేశారు. అన్నీ ఇలాగే పెరిగాయని చెప్పను. 2022 స్థానిక ఎన్నికల్లో అక్కడా 51 శాతం దగ్గరికి పడిపోయింది. జనానికి ఆసక్తి లేని ఎన్నికను ఏ క్యాలెండరూ కాపాడదు. కానీ ఆసక్తి ఉన్నా కుదరని వాళ్లు ఎంతమంది ఉన్నారో, తలుపు తెరిస్తే గానీ తెలియదని కొరియా అనుభవం చెబుతోంది.

ఈ మాట మా అక్కతో అంటే ఇంతెత్తున లేచింది. ఆమె గవర్నమెంట్ టీచర్, ప్రతి ఎన్నికకూ డ్యూటీ పడుతుంది.

"ఏందిరా, ఇంకో రోజు పెడ్తవా? ముందు రోజు పొద్దుగాల డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌కు పోతే మర్నాడు అర్ధరాత్రికి ఇల్లు జేరుతున్నం. బూత్‌ల సక్కగ బాత్రూం ఉండది. బెంచీల మీద పండుకుంటం. నువ్వు రాస్తవు గానీ జేసేది మేము."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పోలింగ్‌కు ముందు రోజు సామాను లెక్క చూసుకుని తీసుకోవాలి. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్, సీళ్లు, లక్క, కవర్లు, ఫారాలు. రాత్రి బడిలోనే పడక. తెల్లవారుజామున ఐదున్నరకు ఏజెంట్ల ముందు మాక్ పోల్. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, వాటిని మిషన్లోంచి తుడిచేసి, మళ్లీ సీలు వేయాలి. ఏడింటికల్లా మొదటి ఓటరు లోపలికి రావాలి. సాయంత్రం మిషన్ మీద క్లోజ్ బటన్ నొక్కాక, పోలైన ఓట్ల లెక్క చూపే 17సీ ఫారాలు రాసి ఒక్కో ఏజెంటుకూ ఒక్కో కాపీ ఇవ్వాలి. తర్వాత బస్సులో అప్పగింత కేంద్రానికి వెళ్లి, అక్కడ క్యూలో నిలబడాలి. ఒక్క కవరు తక్కువైనా వదలరు. షుగరున్న వాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా ఇదంతా చేస్తున్నారు. వాళ్ల మీద ఇంకో రోజు మోపాలని నేను అనడం లేదు. నేను అడిగిన ఆదివారం కేంద్రాలు వేల బూత్‌లు కావు. హైదరాబాద్ జిల్లాలో 15 నియోజకవర్గాలు, నియోజకవర్గానికి ఐదు అనుకున్నా 75 కేంద్రాలు. వాటికి వేరే సిబ్బందిని, రెండు షిఫ్టుల్లో, మంచి భత్యంతో పెట్టాలి. బుధవారం డ్యూటీ చేసేవాళ్లను ఆదివారం ముట్టుకోకూడదు. ఇది విన్నాక అక్క కొంచెం మెత్తబడింది. "బాత్రూం ఉన్న కాలేజీలల్ల పెట్టమను," అంది. నేను ఆ షరతు కూడా చేరుస్తున్నాను. ఆడ సిబ్బందికి, ఆడ ఓటర్లకు అది చిన్న విషయం కాదు.

ఆదివారం ఓట్లను బుధవారం దాకా భద్రంగా ఎలా ఉంచుతారని అడుగుతారు. మన దగ్గర 2019లో ఏప్రిల్ 11న వేసిన ఓట్లు మే 23న లెక్కపెట్టారు. 42 రోజులు స్ట్రాంగ్ రూమ్‌లలో, కేంద్ర బలగాల కాపలాలో, కెమెరాల ముందు మిషన్లున్నాయి. 2024లో 22 రోజులు. ఇన్ని వారాలు కాపాడగలిగిన వ్యవస్థకు ఇంకో మూడు రాత్రులు భారం కాదు. ఈవీఎంలో ఒకసారి క్లోజ్ నొక్కాక కొత్త ఓటు పడదు, కాబట్టి ఆదివారానికి వేరే మిషన్లు కావాలి. ఖర్చవుతుంది. నాకు అది సబబైన ఖర్చులాగే కనిపిస్తోంది.

దొంగ ఓట్ల భయం ఇంకా గట్టిది. ముఖ్యంగా ఈ నగరంలో. ఆదివారం వేసిన మనిషి బుధవారం మళ్లీ వస్తే? సిరా చుక్క ఉంటుంది, సరే, దాని మీదే ఆధారపడమని చెప్పను. ఆదివారం ఓటేసిన వాళ్ల పేర్లు సోమ, మంగళవారాల్లో బూత్‌ల వారీగా జాబితాలో గుర్తు పెట్టాలి, ఆ జాబితా అన్ని పార్టీల ఏజెంట్లకూ ఇవ్వాలి. ఇంటి దగ్గర ఓటు వేసే వృద్ధులకు ఇప్పటికే ఇలాగే చేస్తున్నారు. ఇంట్లో ఓటు వేస్తామని దరఖాస్తు పెట్టిన వాళ్ల పేరు ముందు గుర్తు పడిపోతుంది, వాళ్లు మళ్లీ బూత్‌కు వచ్చినా ఓటు ఇవ్వరు.

ఈ వృద్ధుల సంగతి దగ్గరే నా వాదనకు అసలు బలం ఉంది. పోలింగ్ రోజు కన్నా ముందు ఓటు వేయడం మన దేశంలో కొత్త కాదు. 85 ఏళ్లు దాటిన వాళ్లకు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న వాళ్లకు సిబ్బందే ఇంటికెళ్లి ఓటు వేయించుకుంటున్నారు. ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగులు ముందు రోజుల్లోనే ఫెసిలిటేషన్ సెంటర్లలో వేస్తున్నారు. అత్యవసర సేవల్లో ఉన్న వాళ్లకూ ఆ వీలు కల్పించారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 60వ సెక్షన్ కింద, కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ఏ తరగతి వాళ్లకు ఈ వీలు ఇవ్వాలో ఎన్నికల సంఘం నోటిఫై చేయవచ్చు. రైలు నడిపే మనిషి పోలింగ్ రోజున పని మానలేడని గుర్తించినట్టే, నగరానికి అన్నం వండే మనిషి, రాత్రంతా గేటు దగ్గర కూర్చునే మనిషి కూడా పని మానలేరని గుర్తించమంటున్నాను.

లోక్‌సభకు, శాసనసభలకు ఒకేసారి జరిపే జమిలి ఎన్నికలు వస్తే ఇదంతా సర్దుకుంటుందని కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్ల మాటలో కొంత పస ఉంది. 2014 ఏప్రిల్ 30న శాసనసభకు, లోక్‌సభకు కలిపి ఓటు వేసినప్పుడు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 53 శాతం దాటింది. 2018 సెప్టెంబర్‌లో కేసీఆర్ సభను ముందే రద్దు చేయడంతో రెండు ఎన్నికలూ విడిపోయాయి, ఆ తర్వాతి లోక్‌సభకు ఎనిమిది శాతం పడిపోయింది. రాష్ట్రం వస్తున్న వేడి కూడా 2014లో ఉందనుకోండి. నగరపాలక ఎన్నికలను పెద్ద ఎన్నికలతో కలిపితే పోలింగ్ పెరుగుతుందనడానికి లాస్ ఏంజెలెస్ కూడా సాక్ష్యమే. విడిగా జరిగిన 2017 మేయర్ ఎన్నికలో అక్కడ 20 శాతం దగ్గర పోలైతే, రాష్ట్ర ఎన్నికలతో కలిపాక 2022లో 40 శాతం దాటింది. అయినా కార్పొరేటర్ ఎన్నికను ముఖ్యమంత్రి ఎన్నికతో కలపడం నాకు ఇష్టం లేదు. నాలా పూడిక, వీధి దీపం, చెత్త బండి గురించి మాట్లాడుకునే రోజు ఐదేళ్లకు ఒక్కటే ఉంది. 2020లో అది కూడా దాదాపు జాతీయ ఎన్నికలాగే నడిచింది. రెండూ కలిపితే కార్పొరేటర్ పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.

ఇంకో మాట, ఆంధ్ర వాళ్ల గురించి. 2019లో, 2024లో రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకే రోజు పోలింగ్. మే 13కు ముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర సంక్రాంతి రద్దీ. అక్కడ ఓటు వేయడానికి వెళ్లడం వాళ్ల హక్కు, ఏపీలో 80 శాతం దాటడంలో వాళ్ల పాత్ర కూడా ఉంది. రెండు చోట్లా పేరున్న వాళ్లు రెండు చోట్లా వేయకుండా ఒకే రోజు పెట్టడమే మంచిది. కానీ అలాంటి పేర్లన్నీ హైదరాబాద్ జాబితాలో మిగిలిపోయి, ఇక్కడి శాతాన్ని కిందికి లాగుతున్నాయి. 2024 ఎన్నికలకు ముందు హైదరాబాద్ జిల్లాలో 5 లక్షలకు పైగా పేర్లు తొలగించారు. ఎక్కువ మంది ఇల్లు మారిన వాళ్లే. అద్దె ఇళ్ల నగరంలో ఈ పని ఏటా చేయాలి, తొలగించిన ప్రతి మనిషికీ కొత్త చోట చేరే దారి కూడా అదే రోజు చూపించాలి. జాబితా బాగుపడితే శాతం దానంతటదే కొంత పెరుగుతుంది. అంబర్‌పేట గేటు బయట నిలబడ్డామెకు మాత్రం దాంతో ఒరిగేది లేదు.

మొదలెక్కడ పెట్టాలి? లోక్‌సభ, శాసనసభలతో మొదలుపెట్టాలంటే ఢిల్లీ ఒప్పుకోవాలి. నగరపాలక ఎన్నికలు అలా కావు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో, రాష్ట్ర చట్టం కింద ఉంటాయి. 2020లో అవి బ్యాలెట్ పేపర్ల మీదే జరిగాయి, డిసెంబర్ 1న నిండిన పెట్టెలు 4న తెరిచారు. కాగితపు బ్యాలెట్‌కు క్లోజ్ బటన్ గొడవ లేదు, డివిజన్‌కు ఒక అదనపు పెట్టె చాలు. కొత్తది ప్రయత్నించడం కూడా ఆ సంఘానికి అలవాటే. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగ్ కేంద్రాల్లో ముఖం గుర్తుపట్టే యాప్ పెట్టి చూశారు. 2021లో ఖమ్మంలో ఫోన్ ద్వారా ఓటు వేసే డ్రై రన్ చేశారు. అంతంత టెక్నాలజీ అక్కరలేదు. ఒక ఆదివారం, కొన్ని తలుపులు తెరిచి ఉంచమని మాత్రమే అడుగుతున్నాను.

2020లో ఎన్నికైన జీహెచ్‌ఎంసీ పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది. ఆ తర్వాతి నగర ఎన్నిక ఎప్పుడైనా సరే, తేదీని కనీసం మూడు నెలల ముందు చెప్పాలని, కొన్ని డివిజన్లలోనైనా ముందస్తు ఆదివారం పెట్టి చూడాలని రాష్ట్ర ఎన్నికల సంఘానికి నేను ఉత్తరం రాస్తున్నాను. మీరూ రాయండి, మీ కాలనీ సంఘం తరఫున రాయించండి, ఓట్లడగడానికి వచ్చే ప్రతి పార్టీ వాళ్లనూ దీని మీద వాళ్ల మాటేమిటో అడగండి. ప్రయోగానికి డివిజన్లు ఎంచుకునేటప్పుడు బంజారాహిల్స్‌తో మొదలుపెట్టవద్దని కూడా రాస్తున్నాను. యాకుత్‌పురా, అంబర్‌పేట వైపు డివిజన్లు తీసుకోండి, కేంద్రాన్ని బస్టాప్ పక్కన ఉన్న కాలేజీలో పెట్టండి, రాత్రి 8 వరకు లైట్లు వేసి ఉంచండి.